కానుగ నీడ గురించి నేను రాసిన కాగితాలు

కానుగ చెట్లు ఏడు ఉండేవి. గుంటూరులో మేం పనిచేసిన కోల్డ్ స్టోరేజీ వెనక, దాని ప్రహరీ గోడకూ రోడ్డుకూ మధ్య మున్సిపాలిటీ వాళ్ల ఖాళీ స్థలంలో ఉండేవి. ఇప్పుడు అక్కడ పార్కు ఉంది. ఆ చెట్ల కిందికి ఎవరూ రారని, వాటిని తీసేసినా ఎవరికీ నష్టం లేదని తేల్చిన కాగితాల్లో ఎక్కువ భాగం నా చేతిరాతే. రాయడం వచ్చినందుకు నాకు దొరికిన మొదటి పని అది.

మాది పొదిలి దగ్గర మెట్ట పల్లె. వాన పడితే కంది, పొగాకు వేసేవాళ్లం. తర్వాత అందరితోపాటు పత్తికి దిగాం. వరసగా పత్తి పోయాక, తొంభైల చివర్లో, మా ఆయనా నేనూ గుంటూరు వచ్చేశాం. ఆయన టిక్కీలు మోసే ముఠాలో చేరాడు. టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి కుట్టిన బస్తా. నేను కోల్డ్ స్టోరేజీ షెడ్డులో తొడిమలు తీసే ఆడవాళ్లలో కలిశాను.

ఆ పని చెప్పడానికి చిన్నదే. గోతాల మీద కూర్చుని, ముందు పోసిన కుప్పలోంచి కాయ తీసుకుని, గోటితో తొడిమ విరిచి అవతల పడేయాలి. రంగు పోయిన తాలుకాయను వేరే పక్కకు వేయాలి. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా అంతే. షెడ్డుకు రేకుల కప్పు. గాలికి ఘాటు లేస్తుందని కిటికీలు మూసి ఉంచేవాళ్లు. కొత్తగా వచ్చినవాళ్లు తుమ్మి తుమ్మి మొదటి వారంలోనే మానేసేవాళ్లు. మానకుండా ఉన్నవాళ్ల చేతులు ఇరవై నాలుగు గంటలూ మండుతూ ఉండేవి. తొడిమలు తీసే ఆడది కళ్లు తుడుచుకోదు. ఏడుపొచ్చినా, చెమట కారినా మోచేతి పైభాగంతో ఒత్తుకుంటుంది. ఇంట్లో పసిబిడ్డ ఏడిస్తే తను ఎత్తుకోకుండా పక్కింటావిణ్ని పిలుస్తుంది.

మధ్యాహ్నం అన్నానికి వదిలినప్పుడు మేం గోడకున్న చిన్న గేటు గుండా చెట్ల కిందికి వెళ్లేవాళ్లం. ముందు చేతులకు కొబ్బరినూనె పట్టించి, చెట్టు మొదట్లో ఉన్న మెత్తటి మట్టితో రుద్దుకుని, తర్వాత నీళ్లతో కడుక్కునేవాళ్లం. చివర్లో కానుగాకు నాలుగు రెమ్మలు నలిపి అరచేతులకు రాసుకునేవాళ్లం. మంట తగ్గేదో లేదో ఇప్పటికీ చెప్పలేను. ఆ పచ్చివాసన మాత్రం మిరప ఘాటు మీద కూర్చునేది. అన్నం ముద్ద నోటికి తీసుకెళ్లే ధైర్యం ఆ వాసనతోనే వచ్చేది. తిన్నాక ఎవరి చెట్టు కింద వాళ్లు కొంగు మొహం మీద కప్పుకుని ఒరిగేవాళ్లం. ఎవరి చోటు వాళ్లది. కొత్త మనిషి వచ్చి వేరే వాళ్ల చోట పడుకుంటే గొడవలయ్యేవి.

అన్నానికి ఇచ్చేది అరగంట. మేం దాదాపు గంట ఉండేవాళ్లం. షెడ్డు మేస్త్రికి ఆ సంగతి తెలుసు. ఆయన కూడా ఆ సమయంలో టిక్కీల మీద పడుకుని తువ్వాలు మొహం మీద వేసుకునేవాడు. లేచి, చిన్న గేటు దగ్గరికొచ్చి, గొంతు సవరించుకునేవాడు. ఆ చప్పుడుకు మేం లేచేవాళ్లం. ఆయన మమ్మల్ని చూడలేదు, మేం ఆయన్ని చూడలేదు. ఆ రెండో అరగంట ఎవరూ నోటితో ఇచ్చింది కాదు. ఎవరూ నోటితో అనకపోబట్టే అది నిలిచింది.

అక్షరాలు నేర్చుకునేనాటికి నాకు నలభై దగ్గర పడ్డాయి. మా వీధి చివర పదవీ విరమణ చేసిన పంతులమ్మగారు ఒకరు ఆదివారాలు తన ఇంటి అరుగు మీద పెద్దవాళ్లకు చదువు చెప్పేవారు. నాతోపాటు మా షెడ్డులోని ఒక పెద్దామె వచ్చేది. ఆమెను అందరం అత్తా అనే పిలిచేవాళ్లం. ఆమె పలక పట్టలేదు. "నాకెందుకే అక్షరాలు, కాటికి పోయే దారిలో బోర్డులుంటాయా?" అని వక్క నములుతూ స్తంభానికి ఆనుకుని కూర్చునేది. నేను ఒక్కదాన్నే ఇంటికి పోవాల్సి వస్తుందని తోడొచ్చేది, అంతే.

పంతులమ్మగారు చూచిరాత చెప్పాక వినిరాత మొదలుపెట్టారు. ఆమె ఒక వాక్యం చదివితే మేం రాయాలి. ఒక రోజు "వాన కురిసింది, పంట పండింది" అని చదివారు. నేను "వాన కురవలేదు" అని రాశాను. ఆ ఏడు మా ఊళ్లో కురవలేదు మరి. ఆమె ఎర్రపెన్సిలుతో కొట్టేశారు.

"నేను చెప్పింది రాయమన్నాను. నీకు తెలిసింది కాదు."

"అది అబద్ధం కదండీ."

"అబద్ధమో నిజమో తేల్చమన్నానా? చెప్పింది చెప్పినట్టు రాయి. నీ సొంతం కలపబాక."

ఆ మాట నాలో బాగా దిగింది. ఆ తర్వాత వినిరాతలో నాకెప్పుడూ ఎర్రగీత పడలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నాళ్లకు, ఏప్రిల్ ఎండల్లో, ఆ అరుగు మీదికి ఒక అమ్మాయి వచ్చింది. పంతులమ్మగారి దగ్గర చిన్నప్పుడు చదువుకున్న పిల్ల. హైదరాబాదులో పెద్ద చదువు చదువుతోంది. సన్నగా, కళ్లద్దాలతో, భుజాన గుడ్డ సంచితో ఉంది. మా చేతుల ఎరుపు చూసి మొహం తిప్పుకోలేదు. పక్కనే చాప మీద కూర్చుంది. అదే నాకు మొదట నచ్చింది.

"మీ చదువు పేరేందమ్మా?" అని అడిగాను.

"పర్యావరణ మనస్తత్వ శాస్త్రం అక్కా."

"నోరు తిరగట్లేదు. అంటే?"

"మన చుట్టూ ఉన్న చోటు మన మనసుని ఏం చేస్తుందో చదవడం. ఇరుకు గదిలో ఉంటే ఎట్లా ఉంటుంది, చెట్టు కింద ఎట్లా ఉంటుంది, ఎక్కడ కూర్చోవాలనిపిస్తుంది, ఎక్కణ్ణించి లేచిపోవాలనిపిస్తుంది... అది తెలిస్తే ఊళ్లో పార్కులు మనుషులకు పనికొచ్చేట్టు కట్టొచ్చు."

స్తంభం దగ్గర్నుంచి అత్త అంది. "దానికి హైదరాబాదు పోవాలా తల్లీ? షెడ్డులో ఉడుకుద్ది, చెట్టు కింద సల్లగా ఉంటది. రాసుకో. నీ చదువైపోయింది."

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. "రేపు కాగితాలు తెస్తాను, ఇదే మాట అందులో చెప్పు అవ్వా. మాట వరసకు అన్నది లెక్కలోకి రాదు."

కోల్డ్ స్టోరేజీ వెనక స్థలంలో పార్కు కట్టాలని మున్సిపాలిటీ అనుకుంటోందట. అక్కడికి ఎవరెవరు వస్తారో, ఆ చోటు వాళ్లకు ఏమవుతుందో ఈ అమ్మాయి చదివి చెబితే, దాన్ని బట్టి నక్షా గీస్తారట. తన పరీక్షకూ అదే పనికొస్తుందట. తను అడిగితే ఆడవాళ్లు మొహమాటపడతారు, మాలో మనిషి అడిగితే నిజం చెబుతారు అంది. రాయడం వచ్చి, షెడ్డులో పనిచేసే మనిషిని నేనొక్కదాన్నే. పంతులమ్మగారు నా వైపు చూసి తల ఊపారు. ఆ రోజు ఇంటికి నడుస్తుంటే అత్త ఏదో అంటూనే ఉంది, నాకు ఒక్క మాటా ఎక్కలేదు. నా రాతను చూసి మా చెట్ల చుట్టూ పార్కు కడతారు. అంతకన్నా ఇంకేం కావాలి?

కాగితంలో ప్రశ్నలు నాలుగే. ఇక్కడికి వస్తారా, ఎంతసేపు ఉంటారు? ఎక్కడ కూర్చుంటారు? ఇక్కడ ఉన్నప్పుడు మనసు ఎలా ఉంటుంది? ఇక్కడ ఇంకా ఏముంటే బాగుంటుంది? చివర ఒక తెల్లకాగితం. దాని మీద ఆ చోటు బొమ్మ గుర్తున్నట్టు గీయాలి.

మర్నాడు పొద్దున్నే ఆ అమ్మాయి తెచ్చిచ్చిన కాగితాల కట్ట చంకన పెట్టుకుని షెడ్డులోకి పోతుంటే మేస్త్రి ఆపాడు.

"ఏందవి?"

చెప్పాను.

"మున్సిపాలిటీకా? మా ఆడోళ్లు గంటగంటసేపు చెట్ల కింద పొర్లుతున్నారని ఆఫీసులకు రాసిస్తున్నావా?" నవ్వుతూనే అన్నాడు. మళ్లీ, ఈసారి నవ్వకుండా, "చూడమ్మా, కంటితో చూసింది నేను మర్చిపోగలను. కాగితం మీద పడ్డాక మర్చిపోవడం నా చేతుల్లో ఉండదు. ఓనరుగారు చదువుకున్నాయన" అన్నాడు.

ఆయన బెదిరించలేదు. ఉన్నమాట చెప్పాడు. ఆ మాట షెడ్డంతా విన్నది.

మధ్యాహ్నం చెట్ల కింద అన్నాలు తిన్నాక, అందరూ ఒరిగి ఉండగా, నేను కాగితం తీసి అడిగాను. ముందుగా అడిగింది అత్తనే. ఆమె కానుగ వేరు మీద తలపెట్టి పడుకుని ఉంది.

"ఇక్కడికి వస్తావా అత్తా?"

"రానని రాయి."

"అత్తా!"

"ఏందే, కళ్లు పెద్దవి చేస్తావు? రాను. అన్నం షెడ్డులోనే తింటా. తినంగనే కాయ పట్టుకుంటా. రాయి."

"నిన్న అరుగు మీద ఏమన్నావు?"

"నిన్న నీ చేతిలో కాగితం ఉందా?"

పక్క చెట్టు కింద నుంచి ఇంకొకామె లేచి కూర్చుంది. "వదినా, నాది కూడా అట్టాగే రాయి. కూచునే తీరిక మాకెక్కడిదని రాయి. రేపు ఈ గంట పోయిందనుకో, నిన్ను ఈ చెట్టుకే కట్టేస్తాం."

"మూడో ప్రశ్న ఉంది. మనసు ఎట్టా ఉంటదని."

"యాడ ఉన్నప్పుడు?"

"ఇక్కడ ఉన్నప్పుడు."

"ఇక్కడికి రావట్లేదుగా. మనసు షెడ్డులోనే ఉంటదని రాయవే. మేస్త్రి చదివితే పొంగిపోతాడు."

అందరూ నవ్వారు. అట్లా నవ్వుతూనే ఒక్కొక్కరూ చెప్పారు. రాము. కూర్చోము. తీరిక లేదు. నాలుగో ప్రశ్నకొచ్చేసరికి మరీ హుషారు పుట్టింది. "ఫౌంటెను పెట్టించమను. సినిమాలో లాగా తడిసిన చీరలతో తిరుగుదాం" అని ఒకామె. "నాకు ఉయ్యాల" అని ఇంకొకామె. "మేస్త్రికి ఊపను మాత్రం ఊపను."

నేను అన్నీ రాశాను. చెప్పింది చెప్పినట్టు. పెన్ను పట్టుకున్న చేతి మీద కానుగాకు వాసన వస్తోంది. పక్కన పడుకున్న మనిషి "కూర్చోను" అంటుంటే "కూర్చోరు" అని రాస్తున్నాను. తప్పని తెలియకపోలేదు. కానీ నా సొంతం కలపకూడదన్న మాట ఒకటి దొరికింది కదా, దాని వెనక నిలబడ్డాను. మా వాళ్ల గంట పోగొట్టే దాన్ని నేను కాకూడదు. ఆఖర్న నా కాగితం నేనే నింపుకోవాలి. అక్కడ నాకు చెప్పేవాళ్లెవరూ లేరు, నాకు తెలిసింది రాసుకోవచ్చు. అందులోనూ "రాను" అనే రాశాను.

బొమ్మ గీయమన్న తెల్లకాగితం మీద మాత్రం ఇంట్లో కూర్చుని నిజం గీశాను. ఏడు చెట్లు. ఒక్కో చెట్టు కింద సున్నాలు. ఏ సున్నా ఎవరిదో నాకు తెలుసు. గీశాక మడిచి బియ్యం డబ్బా కింద పెట్టి, ఆ అమ్మాయికి ఇచ్చే కట్టలో ఖాళీ కాగితం ఉంచాను.

మే నెలలో మిరప యార్డుకు సెలవులిస్తారు. ఆ ఎండలకు కాయ అమ్మకాలుండవు, షెడ్డులో పని నిలిచిపోతుంది. అందరం ఊళ్లకు పోతాం. గుంటూరులో పసిపిల్లాణ్ని అడిగినా చెబుతాడు. అందుకే కాబోలు, ఎవరమూ ఆ అమ్మాయికి చెప్పలేదు. సూర్యుడు పడమట దిగుతాడని ఎవరు ఎవరికి చెబుతారు? ఆమెకు కాలేజీ సెలవులూ ఆ నెలలోనే. నేను పొదిలి దగ్గర మా ఊళ్లో ఉన్న ఆ రోజులన్నీ ఆమె ప్రతి మధ్యాహ్నం గొడుగు వేసుకుని ఆ స్థలంలో కూర్చుందట. ఎవరు ఎటు నుంచి వస్తారు, ఎక్కడ ఆగుతారు, ఎంతసేపుంటారు అని చుక్కలు పెట్టుకోవడానికి.

జూన్‌లో కట్ట తీసుకోవడానికి పంతులమ్మగారి అరుగు మీదికి వచ్చింది. ఎండకు మాడిపోయి ఉంది. కాగితాలు తిరగేసి చూసింది.

"మీ వాళ్లు చెప్పింది నిజమే అక్కా. అన్ని రోజులు కూర్చున్నాను. మధ్యాహ్నాలు రెండు మేకలు తప్ప ఎవరూ రాలేదు. చెట్ల కింద నేల మాత్రం నున్నగా ఉంది, ఎవరో రోజూ ఊడ్చినట్టు. ఎందుకో అర్థం కాలేదు."

ఆ నున్నటి నేల మా వీపులు చేసింది. ఆమె కన్ను దాన్ని పట్టుకుంది. అడిగింది కూడా. నేను ఒక్క మాట అంటే సరిపోయేది. అత్త స్తంభం దగ్గర్నుంచి నా వైపు చూసింది. "గాలికి ఊడ్చుకుపోద్దమ్మా" అంది. ఆ అమ్మాయి అది కూడా చిన్న పుస్తకంలో రాసుకుంది.

తర్వాత ఏడాదికి పైగా ఏ కబురూ లేదు. మేం మామూలుగా చెట్ల కింద తింటున్నాం, ఒరుగుతున్నాం. అన్నీ మర్చిపోయాం. ఒక ఆదివారం ఆమె మిఠాయి పొట్లంతో వచ్చింది. పరీక్ష పాసయ్యిందట. ఆమె చెప్పిన దాన్ని బట్టి మున్సిపాలిటీ నక్షా గీయించిందట. ఆ నక్షా నకలు నా ముందు పరిచింది.

"మీరు రాసిన కాగితాలే నాకు ఆధారం అక్కా. చూడండి, మీవాళ్లు అడిగినవన్నీ ఉన్నాయి."

చదివాను. నడిచే దారి. పచ్చిక. పిల్లల ఉయ్యాలలు. నడిమధ్యలో ఫౌంటెన్. ఏడు చెట్లు ఉండాల్సిన వైపు, ప్రహరీ గోడ పక్కన, "వాహనాలు నిలుపు స్థలం" అని ఉంది. అక్షరాలు కూడబలుక్కుని రెండోసారి చదివాను, నేనే తప్పు చదివానేమోనని.

"ఇక్కడ చెట్లున్నాయమ్మా."

"తెలుసక్కా. ఎక్కడో ఒకచోట బళ్లు పెట్టాలి కదా. రోడ్డు వైపు పొద్దున నడిచేవాళ్లు, సాయంత్రం పిల్లలు వాడుకునే భాగం ముట్టుకోకూడదని నేను గట్టిగా రాశాను. ఎవరూ వాడనిది ఆ గోడ వైపే. చిన్న గేటు కూడా మూసేస్తారు, దానితో పనిలేదు కాబట్టి."

అప్పుడు చెప్పాను. గంట సంగతి, మేస్త్రి తువ్వాలు సంగతి, మే నెల సెలవుల సంగతి. ఆమె చేతిలోని మిఠాయి ముక్క తినకుండా అట్లాగే పట్టుకుంది. "ముందే చెప్పాల్సింది అక్కా" అంది.

"మీరు కాగితంతో వచ్చారమ్మా" అన్నాను.

ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. తన చదువుకిచ్చిన పట్టా ఆ కాగితాల మీదే నిలిచి ఉందని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా ఆఫీసుకు వెళ్లి మాట్లాడింది. టెండరు అయిపోయిందన్నారట. అక్కడ పనిచేసే ఆడవాళ్లు తమంతట తాము అర్జీ పెడితే చూస్తామన్నారట. "మీరే రాయండి. అందరి చేతా సంతకాలు పెట్టించండి" అని చెప్పి ఆమె హైదరాబాదు వెళ్లిపోయింది.

నేను మూడు సాయంత్రాలు కూర్చుని అర్జీ రాశాను. ఎవరూ చెప్పకుండా, నాకు తెలిసింది నేను రాసిన మొదటి కాగితం అదే. చెట్లు ఎన్నో, ఎంతమందిమి పడుకుంటామో, మట్టితో చేతులెట్లా రుద్దుకుంటామో రాశాను. కానుగాకు సంగతి రాశాను. బియ్యం డబ్బా కింది బొమ్మ తీసి జతచేశాను. మధ్యాహ్నం చెట్ల కింద అందరికీ చదివి వినిపించాను.

చదవడం అయ్యాక అత్త కాగితం తీసుకుని తిప్పి చూసింది.

"బాగా రాశావే" అంది అత్త. "ఉన్నదున్నట్టు రాశావు. దీని కింద మేం వేలిముద్ర వెయ్యం."

"చెట్లు పోతాయి అత్తా."

"చెట్లు పోతే మున్సిపాలిటీ తీసుకుపోయిందంటాం. వేలిముద్ర వేస్తే మేమే ఇన్నాళ్లూ మోసం చేశామని ఒప్పుకున్నట్టు. రేపు ఓనరు షెడ్డులోంచి బయటికి పొమ్మంటే నువ్వు పెడతావా కూడు?"

ఒక్కొక్కరూ కొంగు దులుపుకుని లేచారు. ఆ రోజు మేస్త్రి గొంతు సవరించుకోకముందే అందరూ షెడ్డులోకి వెళ్లిపోయారు.

నా ఒక్కదాని సంతకంతో అర్జీ తీసుకుని మున్సిపాలిటీ ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా మర్యాదగానే కూర్చోమన్నాడు. అర్జీ చదివాడు. లేచి బీరువాలోంచి ఒక ఫైలు తెచ్చి తెరిచాడు. ఆ అమ్మాయి రిపోర్టుకు జతచేసిన కట్ట. నా కాగితాలు. రెంటినీ పక్కపక్కన పెట్టాడు.

"ఇది మీ రాతేనామ్మా?"

"అవునండి."

"ఇది?"

"అదీ నాదేనండి."

"ఇందులో మీ పేరుతోనే 'ఇక్కడికి రాను' అని ఉంది. ఇందులో 'రోజూ వస్తాను' అని ఉంది. అందులో అందరూ ఉన్నారు, ఇందులో మీరొక్కరే ఉన్నారు. నేను ఏది నమ్మాలో చెప్పండి."

ఆయన ఎగతాళి చేయలేదు. నిజంగానే అడిగాడు. నేను అర్జీకి జతచేసిన బొమ్మ ఆయన ముందుకు జరిపాను. ఆయన బొమ్మ కాగితం తిప్పి చూసి, "ఇది పిల్లలు గీసిందా?" అని తిరిగి నాకే ఇచ్చేశాడు. అర్జీ మాత్రం ఫైల్లో పెట్టుకున్నాడు. ఇప్పటికీ అక్కడే ఉండి ఉంటుంది, రెండు రాతలూ ఒకే దారానికి కట్టి.

చెట్లు కొట్టింది మధ్యాహ్నమే. కానుగ కొట్టేటప్పుడు వచ్చే చేదువాసన షెడ్డులోకి, మూసిన కిటికీల సందుల్లోంచి వచ్చింది. ఆ పూట మిరప ఘాటు కూడా వెనక్కి తగ్గింది. ఎవరూ తలెత్తలేదు. అత్త తాలుకాయలు మంచికాయల్లో వేస్తుంటే చూసి నేనే తీసి పక్కన పెట్టాను. సాయంత్రానికి చిన్న గేటు చోట ఇటుకలు పేర్చారు.

పార్కు బాగానే కట్టారు. ఫౌంటెను మొదటి నెల ఎగజిమ్మింది. గేటు దగ్గర బోర్డు ఉంది. తెల్లవారి నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా తెరుస్తారు. పొద్దున నడిచేవాళ్లూ సాయంత్రం పిల్లల్ని తెచ్చేవాళ్లూ ఆ అమ్మాయి కాగితాల్లో చెప్పిన దాన్ని బట్టి పెట్టిన వేళలవి. వాళ్లు కాగితం చూసి భయపడలేదు. ఉన్నది చెప్పారు, అడిగింది వచ్చింది. మధ్యాహ్నం గేటుకు తాళం.

ఆ అమ్మాయి దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చింది. నా పేరు మీద వచ్చిన మొదటి ఉత్తరం. ఇప్పుడు ఎక్కడికెళ్లినా ముందు అక్కడి వాళ్లకు సెలవులెప్పుడో అడుగుతున్నానని, కాగితం సంచిలోంచి తీయకుండా కొన్నాళ్లు ఊరికే కూర్చుంటున్నానని రాసింది. క్షమించమంది. ఎవరు ఎవర్ని క్షమించాలో తేలక నేను జవాబు రాయలేదు. ఒక నోటు పుస్తకంలో నాలుగుసార్లు మొదలుపెట్టి ఆపేశాను.

అన్నానికి మేం కోల్డ్ స్టోరేజీ ఎదుటి రోడ్డు మీద నిలిపిన లారీల నీడకు మారాం. అక్కడ మట్టి లేదు, తారు. నూనె రాసుకుని గోతంతో తుడుచుకునేవాళ్లం. పడుకోవడానికి లేదు. రెండో అరగంట ఎవరూ తీసేయకుండానే పోయింది. ఉండటానికి చోటు లేనప్పుడు గంట ఎందుకు? మేస్త్రి పాపం కొన్నాళ్లు తువ్వాలు అలాగే వేసుకుని పడుకున్నాడు. లేచి చూస్తే మేం అప్పటికే కాయల ముందు ఉండేవాళ్లం.

రెండు మూడేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం, లారీ నీడలో తింటుండగా, ఇద్దరు కుర్రవాళ్లు అట్టకు క్లిప్పు పెట్టిన కాగితాలతో వచ్చారు. రోడ్డు వెడల్పు చేస్తారట. ఈ పక్కన ఎవరెవరు ఉంటారో రాసుకుంటున్నారట.

"మీరిక్కడ రోజూ కూర్చుంటారా అమ్మా?" అని ఒకతను అత్తను అడిగాడు.

అత్త చేతిలో ముద్ద ఉంది. ముందు టిఫిను గిన్నె ఉంది. వీపు లారీ టైరుకు ఆనించి ఉంది.

"లేదు నాయనా" అంది. "పోతా పోతా ఆగాం."

అతను రాసుకుని నా వైపు తిరిగాడు. ఎదురుగా అంతమందిమి గిన్నెలు ముందు పెట్టుకుని ఉండటం చూసి అతనికీ అనుమానం వచ్చినట్టుంది. అట్ట నా ముందుకు చాపాడు.

"మీలో చదవడం, రాయడం వచ్చినవాళ్లు ఎవరన్నా ఉంటే, వివరాలు మీరే నింపి ఇవ్వండి. మీకు వచ్చా అమ్మా?"

కాగితం పైవరసలో ఏముందో ఆ పాటికే చదివేశాను. అత్త నా మొహంలోకి చూసింది. మిగతా వాళ్లు నమలడం ఆపారు.

"రాదండి" అన్నాను.

డ్రైవరు వచ్చి హారన్ కొట్టాడు. మేం గిన్నెలు తీసుకుని లేచి, పక్క లారీ వెనక్కి వెళ్లాం.